వడ్లున్నన్నాళ్లే స్టాప్

యాసంగి వరి కోతల్లో మా అక్కకు బాన్సువాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం వచ్చింది. పొద్దున పోవడానికి షేర్ ఆటోలు బోలెడు. సాయంత్రం ఆఫీసు వదిలాక కోటగిరి వైపు మిగిలేది ఒక్క ఎక్స్‌ప్రెస్. మా తండా దగ్గర దానికి స్టాప్ లేదు. అయినా రోజూ ఆగేది. ఆగుతుందనే మేమనుకున్నాం.

అసలు సంగతేమిటంటే, తండా మలుపు నుంచి కాలువ వంతెన దాకా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండేవి. ఎదురుగా ఏ ట్రాక్టరో వస్తే బస్సు నిలబడాల్సిందే. ఆ కాస్త సందులో అక్క దిగిపోయేది. ఆడవాళ్లకు బస్సు ఎక్కడం ఉచితం. దిగడం మాత్రం వడ్ల దయ.

వడ్లు కాంటాలో తూకమై లారీలెక్కాయి. రోడ్డు ఖాళీ అయింది. ఆ సాయంత్రం బస్సు మా మలుపు వైపు చూడకుండా వెళ్లిపోయింది. అక్క తరువాతి ఊళ్లో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చింది. మా అమ్మ దాన్ని వనవాసంలా వర్ణించింది. నడిచింది మూడు కిలోమీటర్లు. మర్నాడూ అదే కథ. మూడోనాడూ అంతే.

మా నాన్నకు కోపమొస్తే మా ఇంటి భాషలోనే తిడతాడు. ఆ రోజు మాత్రం తెలుగులో, మెల్లగా మాట్లాడాడు. అంటే తీర్పు అయిపోయిందన్నమాట. ఈ వారం చూస్తానని, బస్సు ఆగకపోతే నౌకరి బంద్ అని చెప్పాడు. అక్క మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే అన్నం తిని పడుకుంది.

డ్రైవర్‌ను ఇల్లరికం తెచ్చుకుందామా అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. పని మీద రోజూ బండేసుకుని మద్నూర్ పోయి పొద్దుపోయాక వచ్చేవాణ్ని కాబట్టి, జోకు తప్ప నేనిచ్చేదేమీ లేదు.

రెండు రోజుల తరువాత నా బండి మెకానిక్ దగ్గర ఉండటంతో బాన్సువాడ మీదుగా వస్తూ, నేనూ అక్క పక్కనే ఆ బస్సులో ఉన్నాను. మలుపు దగ్గర బస్సు ఆగింది. తొంగి చూస్తే రోడ్డుకు అడ్డంగా టార్పాలిన్, దాని మీద తిండికని దాచుకున్న రెండు బస్తాల వడ్లు, పక్కన మా నాన్న. పొద్దు గుంకింది. ఆయన మాత్రం మిట్టమధ్యాహ్నంలా కాలితో వడ్లు కలియబెడుతున్నాడు.

డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఏందే పెద్దమనిషి, ఎండ లేకుంట ఏం ఆరబెడుతున్నవ్?"

"వడ్ల కోసం కాదన్నా. నా బిడ్డ దిగాలె."

డ్రైవర్ వెనక్కి తిరిగి అక్కను చూశాడు. "గా ముచ్చట నువ్వు చెప్తే ఆపకపోదునా?"

అక్క తల దించుకుంది. స్టాప్ లేని చోట ఆపమనడం తప్పేమో అనుకుందట. ఒక్క మాట అడగడం కన్నా మూడు కిలోమీటర్లు నడవడమే ఆమెకు తేలికనిపించింది. నేను పొద్దస్తమానం వాగుతాను. అడగొచ్చని ఆమెకు చెప్పాలని నాకూ తట్టలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ జోకు రాదు.

అంతా సుఖాంతం అనుకోకండి. ఆ డ్రైవర్‌కు రోజు విడిచి రోజు డ్యూటీ. మర్నాడు రెండో ఆయన. అక్క బస్సెక్కగానే నేరుగా ఆయన దగ్గరికే వెళ్లిందట.

"అన్నా, తండా మలుపు కాడ జర ఆపుతవా?"

"ఆడ స్టాప్ లేదమ్మా."

"లేకనే అడుగుతున్న అన్నా."

గొణుక్కుంటూనే ఆపాడట.