పెద్దబాపు ఇంగ్లీషు బండికి నేను పోసిన తేట నూనె

ఏ జబ్బూ లేని ఇంజన్‌కు పెద్ద ఆపరేషన్ చేసి చంపిన ఘనుణ్ణి నేనే. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను, మొహమాటపడకండి. నవ్వలేనివాళ్ళు మా ఇంట్లో ఉన్నారు, నవ్వకుండా ఉండే పని వాళ్ళు చూసుకుంటారు.

సూరత్‌లో, భేస్తాన్‌లో మా ఇల్లు. నేను మరమగ్గాల కార్ఖానాలో జాబర్ని, అంటే ఆగిపోయిన మగ్గాన్ని మళ్ళీ ఆడించేవాణ్ణి. లాక్‌డౌన్ వచ్చి మగ్గాలన్నీ ఆగిపోయాయి గానీ నా పొగరు మాత్రం ఆగలేదు. మా నాయన అన్న, మా పెద్దబాపు, మాతోనే ఉండేవాడు. ఆయనకు ఓ పాత ఇంగ్లీషు మోటారు సైకిలు ఉండేది. ఎప్పుడో పెద్దబాపు పనిచేసిన కార్ఖానా మూసేస్తూ దాని యజమాని పార్శీ సేటు ఆయన చేతిలో పెట్టి పోయిన బండి. ట్యాంకు మీద గుండ్రటి మీటరు, అందులో నూనె ఒత్తిడి చూపించే ముల్లు. ఆ ముల్లు చూడనిదే పెద్దబాపు బండి కదిలించేవాడు కాదు.

ఏటా రాఖీ పున్నమికి జంధ్యం మార్చుకొని, తెల్ల చొక్కా తొడుక్కొని, ఆ బండి మీద సూరత్ అవతల కిమ్ అనే ఊళ్ళో ఉండే వాళ్ళక్క నర్సవ్వ దగ్గరికి వెళ్ళి రాఖీ కట్టించుకొని రావడం ఆయన నియమం. ఆమె నాకు మేనత్త. అన్నేళ్ళలో ఒక్క పున్నమి తప్పలేదు. తప్పించే భాగ్యం నాకు దక్కింది.

ఆ ఏడు పున్నమికి నెల ముందే పెద్దబాపు నన్ను పిలిచాడు.

"ఒరేయ్ శంకర్, బండికి జర నూనె మార్చురా. అక్క ఎదురు చూస్తది."

అప్పుడు మా గల్లీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టి మూసేశారు. దుకాణానికి దారి లేదు. ఇంట్లో మాత్రం కార్ఖానా నుంచి తెచ్చుకున్న నూనె డబ్బా ఉంది. నీళ్ళలా తేటగా ఉంటుంది. బండిలోంచి తీసిన నల్లటి నూనెనూ నా తేట నూనెనూ పక్కపక్కన పెట్టి చూసుకొని మురిసిపోయాను. ఇన్నాళ్ళూ ఈ బండికి మురికి తాగించారు పాపం అనుకొని నిండా పోశాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

స్టార్ట్ చేశాం. ఇంజన్ వేడెక్కేసరికి ముల్లు మెల్లగా జారి సున్నా మీద పడుకుంది.

"అరే, నిన్నటిదాంక మంచిగనే ఉండె గదరా!" అన్నాడు పెద్దబాపు.

"నువ్వు గమనించలే పెద్దబాపూ. బేరింగులు అరిగినయ్. ఇంజన్ ఇప్పాలె."

"నూనె మార్చినంకనే గిట్లయింది గద?"

"నూనెకేంది? అద్దం లెక్కున్నది. నేను జాబర్ని. సప్పుడు ఇని రోగం చెప్త."

నా భార్య సరోజ వంటింట్లోంచి తొంగి చూసింది. "మగ్గం వేరు, బండి వేరు కాదా?"

"రెండూ ఇనుమే గదనే," అన్నాను.

ఆమె పాత దుప్పటి తెచ్చి పరిచింది. ఫోనులో ఓ తెల్లాయన ఇంజన్ విప్పడం చూపిస్తున్నాడు. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ, పెద్దబాపు చూస్తున్నాడని బుద్ధిగా తల ఊపాను. మొదట నూనె పంపు విప్పాను. బాగుంది. నాకు చాలా నిరాశ కలిగింది. నూనె వడకట్టే జాలీ శుభ్రంగా ఉంది. వాల్వు స్ప్రింగు గట్టిగా ఉంది. ఇంజన్ తప్పేమీ లేదని మూడు సాక్ష్యాలు దొరికినా నేను కేసు వదల్లేదు. చివరికి బేరింగు పట్టుకొని ఊపాను. ఊగింది. ఊగకపోతే ఊగేదాకా ఊపేవాణ్ణే. తీయబోతే రాలేదు. మొండికేసిన మగ్గానికి చేసినట్టే దానికీ సుత్తితో మర్యాద చేశాను.

"సూడు పెద్దబాపూ, ఎట్ల పగిలిందో! నేను చెప్పలే?"

ఆయన పాపం నమ్మాడు.

వెదురు బొంగులు విప్పాక పక్కనున్న ఉధనాలో లేత్ పనివాడి చేత కొత్త బేరింగులు చేయించి, రాఖీ ముందురోజుకి ఇంజన్ బిగించాను. డబ్బాలో సగం నూనె మిగిలి ఉంది, అదే పోశాను. పున్నమి పొద్దున పెద్దబాపు తెల్ల చొక్కాతో బండెక్కాడు. ముల్లు కొంచెమే లేచింది.

"పోను పోను సర్దుకుంటది," అన్నాను.

సర్దుకోలేదు. ఊరు దాటకముందే ఇంజన్ పట్టేసింది. పెద్దబాపు ఫోను చేస్తే పరుగెత్తాను. ఇద్దరం ఎండలో దాన్ని తోసుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. బస్సులు బందు. ఊరు దాటి రానని ఆటోవాడు అన్నాడు. పెద్దబాపు గడప మీద కూర్చొని కిమ్‌కు ఫోను చేశాడు.

"అక్కా, బండి మొరాయించింది. బాధపడకు, వచ్చే ఏడు రెండు కట్టు."

"రెండేందిరా, మోచేతిదాంక కడ్త," అన్న అత్త గొంతు మా అందరికీ వినిపించింది.

మర్నాడు బట్టలుతుకుతూ సరోజ కేకేసింది.

"ఏమయ్యా, గిటు రా. బండి నూనె మరక ఒక్క సబ్బుకే పోతదా?"

ఇంజన్ కక్కిన నూనెతో నిన్న మచ్చలు మచ్చలుగా ఉన్న పెద్దబాపు చొక్కా, ఇప్పుడు మల్లెపువ్వులా ఉంది. "ఇది మగ్గం నూనె గద," అంది. బట్ట మీద పడినా ఉతికితే పోవాలని మగ్గాలకు ఆ పలచటి తేట నూనె వాడతారు. నేతింట్లో అందరికీ తెలిసిన ముచ్చటే. వేడెక్కిన ఇంజన్‌లో దానికి ఒత్తిడి నిలుస్తుందా? పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంటె ఇంజన్ మంచిగనే ఉండెనా?"

"ఉండె."

"నువ్వు ఇప్పేదాంక?"

"ఇప్పేదాంక."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ కథ ఇక్కడే నవ్వుకుంటూ ముగిసేది.

సొంత ఊరికి వెళ్ళిపోయిన అసలు మెకానిక్ తిరిగొచ్చి, ఎక్కడెక్కడి నుంచో సామాను తెప్పించి బండి బాగుచేసేసరికి ఏడాది కావొచ్చింది. అంతలో కరోనా రెండో వేవ్ వచ్చింది. ఒకరోజు కిమ్ నుంచి ఫోను. అత్తను ఆసుపత్రి నుంచే కాటికి తీసుకుపోయారట, ఎవర్నీ రావద్దన్నారట. పెద్దబాపు ఫోను పట్టుకొని నా వైపు చూశాడు.

"నిన్నటిదాంక మంచిగనే ఉండె గదరా," అన్నాడు.

బండి గురించి ఆయన ఇదే మాట అన్నప్పుడు బేరింగులు అరిగాయన్నాను.

తర్వాత బండి ఇంటికొచ్చింది. పెద్దబాపు కిక్ కొట్టాడు. ముల్లు చక్కగా లేచి నిలబడింది, ఇంజన్ వేడెక్కినా జారలేదు. ఆయన చాలాసేపు దాన్నే చూసి ఇంజన్ ఆపేశాడు.

"మంచిగైంది. ఇగ యాడికి పోవాలె?"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా మగ్గం సాక్షిగా, సరోజ సబ్బుబిళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆడుతున్న యంత్రాన్ని ఈ జన్మలో విప్పను. మిక్సీ మూత కూడా సరోజ అనుమతి లేనిదే తీయను. నిన్నటిదాకా బాగుందని ఎవరైనా అంటే, చేతిలో పానా కింద పెట్టి, నిన్న నేనేం చేశానో ముందు చెబుతాను.