రేవు దాటే వేళ

హెలికాప్టర్ దిగేసరికి ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నల్లరేగడి నేల. ముందురోజు వాన పడింది. బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి. ఒంటి మీద పదకొండు కిలోల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, నెత్తిన శాంతిసేన నీలి హెల్మెట్. ఆఫ్రికా నడిమధ్యలో ఒక దేశం. అక్కడ రెండు వర్గాలు పోరాడుతున్నాయి. ఆ రెంటి నడుమ చిక్కిన ఊళ్లకు కాపలా ఉండడం మా పని.

నేను హవల్దారుని. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. పదో తరగతి తప్పాను. లెక్కలు తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. అందుకని క్యాంపులో డీజిలు, తాగునీరు, ఏటి మట్టం నాకు అప్పగించారు.

మా కెప్టెన్‌కు ఇరవై ఆరేళ్లు. శ్రీకాకుళం తీరంలో చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇంటి బిడ్డ. మొదటిరోజే నా యాస పట్టేశారు.

"ఏ ఊరు మావా మీది?"

"చీపురుపల్లి కాడ సార్."

"అయితే నీకు ఈత రాదు. ఈ ఏరు కాడ నానే నీకు దిక్కు."

క్యాంపుకు ఉత్తరాన కిలోమీటరూ ఎనిమిది వందల మీటర్ల దూరంలో ఏరు. వెడల్పు అరవై మీటర్లు. బళ్లు దాటగల రేవు ఒక్కటే. అటువైపు గడ్డి మనిషి కంటే ఎత్తు. గాలి లేనప్పుడు కూడా అందులో ఏదో కదిలేది. జంతువులే అనుకునేవాళ్లం.

ఐదో నెలలో పక్క క్యాంపు బండి మీద దాడి జరిగింది. ఒక వైర్‌లెస్ సెట్టు పోయింది. అప్పటినుంచి మా మాటలు ఎవరైనా వినవచ్చు. ఇకమీదట రేడియోలో వేళలు నేరుగా చెప్పకూడదని ఉత్తర్వు వచ్చింది. ప్రతి అంకెకూ ఒక మారుమాట ఉండే కోడ్ కార్డు ఇచ్చారు.

కెప్టెన్ గారు నవ్వారు. "మన సికాకోలు మాట ఉండగా కార్డెందుకు మావా? ఇది అర్థమవ్వాలంటే ఆల్లు ఇంకో జన్మెత్తాల."

నేనూ నవ్వాను. కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాను.

పన్నెండు రోజుల తర్వాత ఆయన రెండు జీపులతో ఏరు దాటి, ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలోని ఊరికి మందులు తీసుకెళ్లారు. ఎగువన వాన మొదలైంది. మధ్యాహ్నం రెండు గంటలకు రేవులో నీరు అరవై రెండు సెంటీమీటర్లు. గంటకు పద్నాలుగు పెరుగుతోంది. నూరు దాటితే జీపు దాటదు. నా లెక్కలో అది నాలుగూ నలభై మూడుకు. తప్పితే ఆ రాత్రి పద్నాలుగు మంది ఆ గడ్డిలో ఉండాలి.

రేడియో తీసుకున్నాను.

"సార్, నీరు పెరగతన్నాది. బేగి బయల్దేరండి."

"వస్తన్నాం మావా. ఇక్కడ పిల్లలు ఒగ్గట్లేదు."

"ఎన్ని గంటలకి రేవు కాడుంటారో సెప్పండి సార్. నాకు లెక్క కావాల."

సెట్టులో బరబర శబ్దం.

"సూద్దాం మావా."

"సూద్దాం అంటే కాదు సార్. టైము సెప్పండి."

"ఒదలవు కదా నువ్వు! ఫోర్ థర్టీ. సాలా?"

సాలన్నాను. పుస్తకంలో రాసుకున్నాను. ఫోర్ థర్టీకి నీరు తొంభై ఏడు. మూడు సెంటీమీటర్లు మిగులు.

మేం తెలుగువాళ్లం ఎన్ని మాటలు మనవి మాట్లాడినా గంటలు ఇంగ్లీషులోనే చెబుతాం. అది మాకు తెలుగే అనిపిస్తుంది. దాటే చోటు ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. తెలియనిది వేళ ఒక్కటే. అది నేను అడిగి మరీ చెప్పించాను.

నాలుగూ ఇరవై ఎనిమిదికి ఏటి వైపు నుంచి కాల్పులు వినిపించాయి. నాలుగూ నలభై ఒకటికి మేం రేవు చేరాం. కాల్చినవాళ్లు అప్పటికే గడ్డిలోకి వెళ్లిపోయారు. డ్రైవరుకు భుజంలో తూటా దిగింది, బతికాడు. వెనక జీపులోని వాళ్లకు ఏమీ కాలేదు. కెప్టెన్ గారు ప్రాణాలతో లేరు.

మర్నాడు, పక్క క్యాంపు బండిలో పోయిన సెట్టు గడ్డిలో దొరికింది. పక్కన అట్టముక్క. దానిమీద బొగ్గుతో రాసి ఉంది: 4.30.

విచారణలో కోడ్ కార్డు వాడలేదని రాసుకున్నారు. నేను సంతకం చేశాను.

తిరిగొచ్చి పింఛను తీసుకున్న ఏడాది ఆయన ఊరు వెళ్లాను. తండ్రి ఇంటి ముందు ఫైబరు పడవకు రంగు వేస్తున్నాడు. నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"ఆకర్ని ఏటన్నాడు బాబూ మావోడు?"

దారి పొడవునా వేరే జవాబు తయారు చేసుకున్నాను. అది నోట రాలేదు. నీటి మట్టం నుంచి అట్టముక్క దాకా అన్నీ చెప్పాను. ఆయన కుంచె కింద పెట్టాడు.

"సంద్రం మీదికి ఏటకెల్లినోడు తిరిగొచ్చే ఏల నోటితో సెప్పకూడదు. సిన్నప్పుట్నుంచీ సెప్పినాను ఆడికి."

"ముందు ఆయన సెప్పలేదు. నానే గట్టిగా అడిగినాను."

ఆయన సముద్రం వైపు చూశాడు.

"అడక్కుండా ఉండాల్సింది నువ్వు," అన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "ఒసే, ఈ బాబుకి కూడెట్టు. తినేసి ఎల్తాడు."

తిన్నాను. చేపల పులుసు. కెప్టెన్ గారి తల్లి రెండుసార్లు వడ్డించింది, ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. చాలా మరిచిపోయాను. మందులు తీసుకెళ్లిన ఆ ఊరి పేరు పలకడం కూడా ఇప్పుడు సరిగ్గా రాదు. రేవు మాత్రం పోదు. ఏటి నడుమ జీపు. తలుపులు తెరిచి ఉన్నాయి, ఒకవైపు నుంచి ఎర్రనీరు దూరి రెండోవైపు నుంచి పోతోంది. మా దగ్గర వాన లేదు. అద్దం మీద వైపర్ ఆడుతోంది, నిమిషానికి నలభై సార్లు. ఆయన్ను ఒడ్డుకు మోస్తూ కూడా నేను దాన్ని లెక్కపెడుతూనే ఉన్నాను.