కొట్టేయగా మిగిలిన మాట

నా చిన్నప్పుడు మా ఇంటికి చావుకబురు టెలిఫోనులో వచ్చింది. మందసలో ఎస్టీడీ బూతు నడిపే ఆయన మా ఊరిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పలేక చెప్పాడు. మా నాన్న డొంకూరు స్నేహితులతో కలిసి గుజరాత్ బోట్ల మీద వేటపనికి వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. బోటు తిరగబడిందట. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు, నాన్న దొరకలేదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

శవం లేదు, పెట్టె లేదు, గొయ్యి తవ్వే పని లేదు. ఏడవడానికైనా ఎదురుగా ఏదో ఒకటి ఉండాలని అప్పుడు తెలిసింది. మరునాడు అమ్మ ఎప్పటిలాగే జీడిపప్పు పొట్టు తీయడానికి కూర్చుంది. పలాస నుంచి వచ్చిన పప్పు, చెప్పిన రోజుకి తిరిగి పంపాలి. నేనూ పక్కన కూర్చుని తీశాను. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు నన్ను దగ్గరకు లాక్కుని ఏడ్చేవారు. నేను వాళ్ళ భుజం మీదుగా గోడ చూస్తూ ఉండేదాన్ని. కంట చుక్క నీరు రాలేదు. వెతుక్కుంటే లోపల దుఃఖం కూడా లేదు. భయం ఒక్కటే ఉంది. తండ్రి పోతే ఏడవని పిల్ల ఎలాంటి పిల్ల అని.

మాది బాప్టిస్టు సంఘం. మా వాళ్ళలో మనిషి పోయాక ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం అయ్యాక ఇంటివాళ్ళలో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు ఏం చేసినా మేలుకే చేశాడని పదిమందిలో ఒప్పుకోవడం అన్నమాట. అమ్మ నోరు విప్పే స్థితిలో లేదు కనక అది నా మీద పడింది. పాస్టరుగారి భార్యను అందరం అమ్మగారు అనేవాళ్ళం. వెన్నలాంటి మనసు ఆవిడది. పసిపిల్ల తడబడుతుందేమోనని తనే ఒక చీటీ మీద రాసిచ్చింది.

మా నాన్న దేవుడికి ఎంతో ఇష్టుడు. అందుకే ఆయన తన దగ్గరకు పిలుచుకున్నాడు. మాకు ఏ కొరతా లేదు. మా మనసులు శాంతితో నిండి ఉన్నాయి. ఆయనకు స్తోత్రం.

ఇంతే. కూడిక ఆదివారం. శనివారం మధ్యాహ్నానికి చీటీ నోటికి వచ్చేసింది. కానీ అప్పజెప్పిన ప్రతిసారీ భయం వేసేది. చెబితే దేవుడి ముందు అబద్ధమాడినట్టు. చెప్పకపోతే ఆ ఇంటి పిల్లకు విశ్వాసం లేదంటారు, అమ్మ తలెత్తుకోలేదు.

మేముండేది అమ్మ నాన్నగారింట్లో, అంటే మా తాతయ్య ఇంట్లో. ఊరూరా తిరిగి సంఘాలకు బైబిలు పాఠాలు చెప్పి, మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆ మధ్యాహ్నం నేను అరుగు మీద పొట్టు తీస్తూ గొణుక్కుంటుంటే కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"ఏటే, ఎక్కం అప్పజెప్పినట్టు సెప్పేత్తన్నావు?"

"రేపు సెప్పాల గదా తాతా."

చీటీ అడిగి తీసుకుని చదివాడు. మడిచి కళ్ళజోడు పెట్టె కింద పెట్టి, నా పళ్ళెంలోంచి గుప్పెడు పప్పు తన ఒళ్ళోకి తీసుకుని, కథ మొదలుపెట్టాడు. బైబిలు ట్రైనింగు రోజుల్లో తన మాస్టారు చెప్పిన కథ అది.

వందల ఏళ్ళ కిందట ముసల్మానుల ఏలుబడిలోని దేశాల్లో యూదులుండేవారట. ఇంట్లోనూ బజార్లోనూ అరబ్బీ మాట్లాడుతూ, ఆ అరబ్బీనే తమ హీబ్రూ అక్షరాలతో రాసుకునేవారట. ఇచ్ఛాపురంలో మా మావయ్య ఒరియా పాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నట్టే అన్నాడు తాతయ్య. అక్కడి ముసల్మాను పండితుల తర్కం వీళ్ళూ నేర్చుకుని, బైబిల్లో ప్రతి మాటనూ పట్టుకుని అడిగేవారట. దేవుడి చెయ్యి అని రాసుంటే నిజంగా చెయ్యేనా? ఆయనకు కోపం వచ్చిందంటే మనకొచ్చినట్టేనా? అలా అడిగినవాళ్ళలో ఈజిప్టులో ఉన్న ఒక వైద్యుడు చాలా పెద్దవాడు. పేరు చెప్పాడు గాని నాకు నోరు తిరగలేదు. ఆయన తన చేతుల మీద పెంచుకున్న తమ్ముడు వర్తకం కోసం మన దేశానికి ఓడెక్కి, దారిలోనే మునిగిపోయాడు.

"ఏ సంద్రంలో తాతా?"

"మీ నాన్న పోయిన ఏపే గదే. గుజరాతు అవతలి నీళ్ళు."

చేతిలో పప్పు పళ్ళెంలో పెట్టేశాను. కబురు వచ్చిన దగ్గర్నుంచి నేను నిజంగా విన్న మొదటి మాట అదే.

కబురు తెలిసిన ఆ వైద్యుడు మంచం పట్టాడు. జ్వరం, ఒంటినిండా పుళ్ళు, మనసు మనసులో లేదు. ఏడాది పాటు లేవలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా తమ్ముడి చేతిరాత కంటపడితే గుండె తలకిందులవుతోందని ఎవరికో జాబు రాశాడట. దేవుడి గురించి అంత చదివినవాడికి ఆదరణ రాలేదా అని అడిగాను. రాలేదన్నాడు తాతయ్య, దాపరికం లేకుండా.

మంచం దిగాక కొన్నేళ్ళకు ఆయన ఒక పెద్ద గ్రంథం రాశాడట. దేవుడు ఇలాంటివాడు అని మనం ఏం చెప్పినా తక్కువే పడుతుంది, ఇలాంటివాడు కాడు అని ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోవడమే మనకు చేతనైన పని అన్నాడట. తీయగా తీయగా చివరికి మాట మిగలదు. అలా ఊరుకోవడమే స్తుతి అని బైబిలు కీర్తనల్లోనే చూపించాడట.

"నువ్వు ఇందాకట్నుంచి సేత్తన్న పనే ఇది," అని నా పళ్ళెంలో పొట్టు చూపించి, చీటీ తీసి పెన్సిలు నా చేతికిచ్చాడు. "నీకు తెల్సిందే ఉంచు. తెల్దా, కొట్టీ."

దేవుడికి ఎంతో ఇష్టుడు. తెలీదు, కొట్టేశాను. తన దగ్గరకు పిలుచుకున్నాడు. పిలవడం నేను చూడలేదు, కొట్టేశాను. ఏ కొరతా లేదు అన్న మాట గీత కింద కనబడకుండా పోయింది. శాంతి దగ్గర చెయ్యి ఆగింది.

"మరేటున్నాది లోపల?" అన్నాడు.

"ఏటీ లేదు తాతా. ఏడుపు రాట్లేదు. నాను పాపినా?"

తాతయ్య పొట్టు ఊదేసి, పప్పు పళ్ళెంలో వేశాడు. "అంత పెద్దాయన ఏడాది లెగనేదు. ఆయన్ని పాపి అని ఎవులూ అన్నేదు. నీకు పది రోజులు గానేదు గుంటా. ఒగ్గీ."

శాంతిని కొట్టేశాను. చివర స్తోత్రం మిగిలింది. తాతయ్య ముఖం చూశాను. జీవితమంతా ఆ మాట చెప్పి బతికిన మనిషి. ఆయన కొబ్బరిచెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. కొట్టేశాను. ఆయనకు నొప్పి కలిగిందని నాకు తెలుసు. ఆపలేదు.

చీటీ మొదట్లో రెండు మాటలు మిగిలాయి. మా నాన్న.

"ఇది తెల్సా?"

"తెల్సు." వెళ్ళేముందు నా పుస్తకాలన్నిటికీ అట్టలేసి పేరు రాసింది నాన్నే.

"అయితే సాక్ష్యం ఇదే."

మర్నాడు పెరట్లో టార్పాలిన్ కింద జనం కూర్చున్నారు. నేను లేచి "మా నాన్న" అన్నాను. తర్వాత మాట్లాడలేదు. మర్చిపోయాననుకుని ముందు వరసలో అమ్మగారు పెదవులు కదుపుతూ అందిస్తోంది. నేను నిలబడే ఉన్నాను. తాతయ్య కర్ర ఆనించుకుని లేచి నా పక్కకు వచ్చి, తనూ ఊరికే నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఒకరి తర్వాత ఒకరు అందరూ లేచారు. ఎంతసేపో తెలియదు. కొబ్బరి మట్టల చప్పుడు, టార్పాలిన్ కొట్టుకోవడం వినిపించాయి. పాస్టరుగారు ఆమేన్ అన్నారు. టీలు పంచారు. పిల్ల బెదిరిపోయిందని కొందరు జాలిపడ్డారు, అమ్మగారు కొంచెం నొచ్చుకుంది. నాకు అప్పుడూ ఏమీ అనిపించలేదు. భయం మాత్రం పోయింది.

ఏడుపు రెండేళ్ళకు వచ్చింది. పాత పుస్తకాలు సర్దుతుంటే ఒక అట్ట మీద నాన్న రాత కనబడింది. ఆ వైద్యుడు జాబులో రాసింది నిజమే.

ఇప్పుడు నా తల నెరుస్తోంది. చావింటికి వెళ్తే, పాఠాలు చెప్పిన ఆయన మనవరాలిని కదా, ఏదో ఒక మంచిమాట చెబుతానని చూస్తారు. నోటిదాకా వచ్చినవన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటాను. చాలాసార్లు పోయినవాళ్ళ పేరు తప్ప ఏమీ మిగలదు. ఆ పేరు చెప్పి పక్కన కూర్చుంటాను.

తాతయ్య పోయినప్పుడు కూడా సాక్ష్యానికి నన్నే లేపారు. "మా తాతయ్య" అన్నాను. ఈసారి కర్రతో వచ్చి పక్కన నిలబడేవాడు లేడు. వెనక వరసలోంచి అమ్మ లేచి వచ్చి నిలబడింది.