బండి ఉరుకుందమ్మది

నా లోపల ఒక కన్నడ వాక్యం ఉంది. చిన్నదే. పదో తరగతిలో ఒకే ఒక్కసారి అన్నాను. అప్పటినుంచి మింగలేక, కక్కలేక మోస్తున్నాను. కన్నతల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానో తెలుసా? మీరు నా ముఖం చూడరు కాబట్టి. అంతకంటే ధైర్యం నాకు లేదు.

మాది కర్ణాటకలో బళ్లారి దగ్గరి సండూరు. నాన్నకు ఖనిజం లారీలు ఉండేవి. క్లాసులో ఎప్పుడూ నేనే ఫస్టు, దానికి తగ్గ పొగరూ ఉండేది. ఉరుకుందమ్మ ఆదోని వైపునుంచి వచ్చి మా బడిలో చేరింది. వాళ్ల నాన్న గనుల్లో కూలి. అంతవరకూ తెలుగు బడిలో చదివిన పిల్ల, కన్నడం రాదు. మా ఇంట్లోనూ తెలుగే కాబట్టి టీచరు ఆమెను నా పక్కన కూర్చోబెట్టింది. అలా ఆమెకు నేనే నోరయ్యాను.

సైన్సు ప్రదర్శనకు చలన సూత్రాలు చూపించే బండిని మా ఇద్దరినీ కలిసి చేయమన్నారు. ఖాళీ నీళ్ల సీసా, చక్రాలకు నాలుగు మూతలు, ఇరుసులు తిరగడానికి స్ట్రా గొట్టాలు, పైన ఒక బెలూన్. గాలి వెనక్కి పోతే బండి ముందుకు పోవాలి. పోలేదు. మా ఊరి ఎర్రదుమ్ము అన్నంలోకే వస్తుంది, గొట్టాల్లోకి రాదా? ఇరుసులు బిగుసుకుపోయాయి. నేను కొబ్బరినూనె పోశాను. ఇంకా బురదయింది. విసుగొచ్చి చార్టు రాసుకోవడానికి వెళ్లిపోయాను. ఉరుకుందమ్మ గొట్టాలు కడిగి, ఆరబెట్టి, పెన్సిల్ ముల్లు నూరి ఆ పొడి వేసింది. బండి వరండా చివరిదాకా ఉరికింది.

జిల్లా ప్రదర్శనకు ఒక్కరే వెళ్లాలి, బండి ఎవరి ఆలోచనైతే వాళ్లే వెళ్లాలి అన్నారు. ఉరుకుందమ్మకు అది ఆట కాదు. పది కాగానే ఆమెను బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. జిల్లాకు పోతే కాలేజీలో చేరుస్తానని వాళ్ల నాన్న మాటిచ్చాడు. ఇది నాకు తెలుసు. తెలియదని ఇక్కడ కూడా అబద్ధమాడితే, ఇదంతా రాయడం దేనికి?

పరీక్షించడానికి వచ్చిన సారుది మంగళూరు వైపు. తెలుగు ముక్క రాదు. అందరి బండ్లూ దుమ్ముకు ఆగిపోతుంటే మీది ఎలా పోతోందని కన్నడంలో అడిగాడు. నన్ను కాదు, ఆమెను చూస్తూ అడిగాడు. ప్రశ్నను నేను తెలుగులో చెప్పగానే ఆమె ముఖం వెలిగింది.

“నూనె ఏస్తే దుమ్ము అంటుకుంటాది సార్. అందుకే నేను పెన్సిల్ ముల్లు నూరి, ఆ పొడి ఏసినా.”

ఆయన నా వైపు తిరిగాడు. నరం లేని నాలుక కదా.

“ఐడియా నందు సార్. నాను హేళ్దంగె ఇవళు మాడిద్లు,” అన్నాను గబగబా. ఆలోచన నాది, నేను చెప్పినట్టు ఈమె చేసింది అని.

ఆయన ఆమెను చూశాడు. ఆమె నవ్వుతూ తల ఊపింది. ఆయన నా పేరు రాసుకున్నాడు.

“ఏం చెప్పినావు మే?” అని అడిగింది ఆయన వెళ్లాక.

“నువ్వు చెప్పిందే చెప్పినా.”

“బాగా చెప్పినావు. నాకైతే కన్నడంలో నోరే పెగలదు.”

ఎందుకన్నాను? లారీలున్న ఇంటి పిల్లకు ఏం తక్కువైంది? ఆయన నన్ను కాక ఆమెను చూశాడన్న ఉక్రోషమా, ఎప్పుడూ ఫస్టు వచ్చేదాన్ని ఒక కూలి బిడ్డ ముందు వట్టి దుబాసీగా నిలబడాల్సి వచ్చిందన్న మంటా, లేక ఎవరూ పట్టుకోలేరన్న ధీమాయేనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా చివరికి ధీమాయే తేలుతుంది. నన్ను ఎంచుకున్నారని తెలిసినప్పుడు, కన్నడం రాని తనను ఎందుకు పంపుతారులే అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. అయ్యో, తప్పును కూడా తన మీదే వేసుకుంది.

జిల్లాలో నాకు ఏ బహుమతీ రాలేదు. పది కాగానే ఆమె బళ్లారికి కుట్టుపనికి పోయింది. నేను చదువుకుని, ఇప్పుడు బడిలో సైన్సే చెబుతున్నాను. ఏటా పిల్లలచేత ఆ బండి చేయిస్తాను. ఈ పొడి సంగతి ఎవరు కనిపెట్టారు మేడమ్ అని వాళ్లు అడిగితే దగ్గు తెచ్చుకుంటాను.

మొన్న బళ్లారి బస్టాండులో ఉరుకుందమ్మ కనిపించింది. చిల్లర కోసం కండక్టరుతో కన్నడంలో పోట్లాడుతోంది, నాకంటే ధాటిగా. ఈమెకు ఇప్పుడు కన్నడం వచ్చు. ఆ వాక్యం గుర్తుండి ఉంటే, ఎప్పుడో అర్థమయ్యే ఉంటుంది. నన్ను చూసి గబగబా వచ్చి, పక్కనున్న కూతురికి చూపించింది. “చూడు పాపా, నాకు కన్నడం రానప్పుడు నా నోరు ఈయమ్మే.”

తెలిసి అందా, తెలియక అందా? ఆమె ముఖంలో వెతికాను. నవ్వు తప్ప ఏమీ దొరకలేదు. చెప్పేయాలని నోరు తెరిచి, పాప ఏం చదువుతోందని అడిగాను. సిగ్గులేనిదాన్ని.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి ఎదురుగా నిలబడితేనే అడగలేదు. ఆ రోజు సారుకు చెప్పాల్సిన మాట మాత్రం ఇప్పుడైనా చెప్పనివ్వండి. సార్, నూనె పోసింది నేను. పెన్సిల్ పొడి వేసింది ఉరుకుందమ్మ. మీరు అడిగినదానికి ఆమె సరిగ్గానే జవాబు చెప్పింది.