కవర్లతోనే నాటిన వంగ మొక్కలు

మా వాలంటీర్లు పదకొండు మంది. ఎక్కువమంది హన్మకొండలో ఉండే రిటైర్డ్ అధికారులు. కొత్తవాడ ఆడవాళ్ళకు ఇంటితోట పెంపకం నేర్పుతామని ముందుకొచ్చారు. ఎవరు ఏ ఆదివారం రావాలో చూసే పని, సైన్సు టీచరుగా రిటైరైన నాకు అప్పగించారు. వాళ్ళలో మట్టి ముట్టినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళకు మైకు ముట్టడమే తోటపని.

వీళ్ళందరికంటే తెలిసిన మనిషి ఆ వాడలోనే ఉంది. జంపఖానాలు నేస్తుంది, డాబా మీద పాత బకెట్లలో కూరగాయలు పండిస్తుంది. మొదటి పాఠం నువ్వే చెప్పాలంటే వారం రోజులు సిగ్గుపడి ఒప్పుకుంది. అందుకోసమే చిన్న నల్ల కవర్లలో వంగ మొక్కలు నెలకు పైగా సాకింది. క్లాసు రోజున, దాచుకున్న చీర కట్టుకొని వచ్చింది.

సాయంత్రం పెట్టుకున్న క్లాసును మా పెద్ద సారు, ఒక రిటైర్డ్ ఇంజనీరు, నాతో మాట మాత్రం అనకుండా మిట్టమధ్యాహ్నానికి మార్చాడు. ముఖ్య అతిథికి అప్పుడే తీరికట. ఆమె చెప్పాల్సిన సమయమంతా మైకులో తానే మాట్లాడాడు. నన్ను "కుర్చీల సంగతి చూసుకునే మేడం" అని పరిచయం చేశాడు. మూడేళ్ళయింది. మరిచిపోలేదు.

కమ్యూనిటీ హాలు వెనక గుంతలు తీసి ఉన్నాయి. ఆమె మెల్లగా అంది.

"సార్, గిప్పుడొద్దు. పొద్దుగూకినంక నాటుదాం. ఎండకు వాడిపోతయ్."

"పొద్దుగూకితే ఫొటోలు ఎట్లొస్తయమ్మా? జర పక్కకు జరుగు, ఫొటోల పడుతున్నవ్."

ఆమె జరిగింది. తెల్లచొక్కాలు వంగాయి. కవరు చింపితే చేతులకు మట్టి అంటుతుందని, కవర్లతోనే మొక్కలను గుంతల్లో దించి, మన్ను కప్పి లేచాయి. మొక్క నాటడం నేర్పే క్లాసు అది! ఫొటో అయ్యాక సరిచేయిద్దామని నేను ఊరుకున్నాను. ఫొటో అయ్యాక సమోసాలొచ్చాయి, అవి అయ్యాక వాచ్‌మన్ గేటుకు తాళం వేశాడు.

మరునాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఆమె అక్కడే ఉంది. ఒక్కో మొక్కా తీసి, కవరు విప్పి, బకెట్లో పెట్టుకుంటోంది. సగం మొక్కలు తలలు వేలాడేశాయి.

"ఇగ నేను రాను టీచరమ్మా. ఆళ్ళకు తెల్వదు, సరే. నీకు తెల్సు గదా?"

పక్కన కూర్చొని కవర్లు విప్పాను. చివరి కవరు విప్పాక అడిగాను, నీ డాబా మీదే క్లాసు పెడదామా అని.

"మైకు వద్దు. సాయంత్రమే పెట్టాలె. ఆ సార్లు నా మెట్లెక్కొద్దు."

వాలంటీర్ల జాబితాలో మట్టి ముట్టిన ఆ ఇద్దరినే ఉంచి మిగతావాళ్ళను కొట్టేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. నెల తర్వాత ఇంజనీరు సారు మాత్రం "మన తోట ఫొటో పంపండి మేడం" అని మెసేజ్ పెట్టాడు. మట్టి అంటిన ఖాళీ కవర్లు వరుసగా పేర్చి, ఫొటో తీసి పంపాను.

"బాగా పెరిగాయి, శభాష్" అని జవాబొచ్చింది.