నంజుండప్ప సారు కాపు పెట్టిన గుట్ట

మనవడికి జలుబు చేస్తే మా కోడలు వేడినీళ్లలో నాలుగు చుక్కల నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టిస్తుంది. మదనపల్లెలో మాది చిన్న ఇల్లు, ఆ ఘాటు వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా కమ్ముకుంటుంది. అందరికీ ముక్కులు విడిపోయి హాయిగా ఉంటుంది. నేను మాత్రం చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోతాను. "ముసలాయన చాదస్తం" అంటుంది నా భార్య. చాదస్తమే కావచ్చు. ఆ వాసనకు నంజుండప్ప సారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే ఆ పూట నాకు అన్నం సయించదు.

డెబ్బైల చివర్లో నేను కుప్పంలో ఫారెస్టు గార్డుగా చేరినప్పుడు ఆయన మా రేంజరు. పుంగనూరు మనిషి. బక్కపలచగా ఉండేవారు, నవ్వడం తక్కువ, కోపమొస్తే కన్నడంలో తిట్టేవారు. మొదటి వారంలోనే నన్ను ఒక పల్లె పక్క గుట్ట మీదికి తీసుకెళ్లారు. బొగ్గు కాల్చేవాళ్లు నరికినంత నరికి పోయారు, మిగిలింది మేకలు మేశాయి. గుట్ట, కొండకు మొక్కి గుండు చేయించుకున్న తలలా ఉంది. నాది కొత్త ఉద్యోగం, ఉత్సాహం ఎక్కువ. "మొక్కలు ఎప్పుడు నాటుదాం సార్?" అన్నాను. ఆయన ఒక చిగర చెట్టు మోడు దగ్గర చతికిలబడి, దాని మొదలు చుట్టూ మట్టిని వేలితో గీకి, అగ్గిపుల్లంత పిలకను చూపించారు.

"నాటేది యాలప్పా? అడవి యాడికీ పోలేదు, ఈ మట్టిలోనే ఉండాది. అది పైకొస్తాండాది, మేకలు కొరికేస్తాండాయి. నాలుగైదేండ్లు మనం అడ్డం నిలబడితే సాలు."

అడ్డం నిలబడాలంటే ఊరు ఒప్పుకోవాలి. ఆ పల్లెలో మేకలున్న వాళ్లలో గట్టి మనిషి మునెమ్మ. మొగుడు పోయాక ఆమెకు మేకలే బతుకు. సారు ఊరందరినీ కూర్చోబెట్టి, గుట్ట మీదికి మేకల్ని తోలొద్దని, చెట్లు ఎదిగాక మేతా, వంటచెరకూ ఊరివాళ్లకేనని, బయటివాడి గొడ్డలి పడనివ్వనని చెప్పారు. అందరూ తలలు వంచుకుని విన్నారు. మునెమ్మ మాత్రం లేచింది.

"మేత లేకుంటే సగం మేకలు అమ్ముకోవాల సామీ. ఉత్త నోటి మాటకి అమ్ముకోమంటావా? నా చేతిలో చెయ్యేసి చెప్పు."

ఆఫీసరు అట్లా చెయ్యి వేయడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సారు వాచీ ఉన్న చెయ్యి వెనక్కి తీసుకుని, కుడిచెయ్యి ఆమె చేతిలో వేశారు. ఆ వారమే మునెమ్మ సగం మందను కుప్పం సంతకు తోలింది.

ఆ తర్వాత గుట్ట చేసిన పని చూస్తే నాకు గర్వంగా ఉండేది, మేమేదో చేసినట్టు. మేము చేసిందేమీ లేదు, కాపలా తప్ప. మోడు మోడుకూ గుత్తులుగా పిలకలు లేచాయి. చిగర, బిల్లుడు, తునికి, ఎవరూ విత్తని సీతాఫలం. నాలుగో వానాకాలానికి కింది నుంచి చూస్తే రాళ్లు కనబడలేదు. కరువు ఏడాది వచ్చినా, మేకలు ఆకలికి అరుస్తున్నా, ఊళ్లో ఒక్కరూ గుట్టెక్కలేదు. సారు పొద్దున్నే అక్కడికి పోయి ఊరికే తిరిగేవారు.

అప్పుడు పైనుంచి ఆర్డరు వచ్చింది. పనికిరాని పొదలున్న చోట్లంతా వేళ్లతో సహా తీసేసి నీలగిరి నాటాలని. కాగితం తయారీకి కలప కావాలట. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్ద ఆఫీసుకు పోయి, రెండో రోజు సాయంత్రం బస్సు దిగారు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"ఏమన్నారు సార్?"

"వాళ్లకి వరసలు కావాలప్పా. వరసలో లేని చెట్టు వాళ్ల కంటికి పొద."

నన్ను పంపించి ఆయన ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. బుల్‌డోజరు వేళ్లు పెకలిస్తుంటే ఎర్రటి దుమ్ములో పొద్దంతా నిలబడే ఉన్నారు. మధ్యాహ్నం మునెమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. తిరగబడిన మోళ్లను చూసుకుంటూ ఆయన ముందుకొచ్చి ఆగింది.

"తిట్టమ్మా, నోటికొచ్చినట్టు తిట్టు" అన్నారు సారు.

"తిడితే మొలుస్తాయా సామీ? మా మేకలు ఆకులే తినె. మీరు వేర్లు తింటిరి."

అంతే అని వెళ్లిపోయింది. ఎందుకు ఒప్పుకున్నారని నేను సారును అడగలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయనంటే ఉన్న ప్రేమా పోలేదు. ఆ రెండింటితో ఇన్నేళ్లు గడిపాను.

రిటైరయ్యాక పుంగనూరులో మంచం పట్టారని తెలిసి చూడబోయాను. గొంతు సన్నగా వస్తోంది.

"నీలగిరి కింద ఏమన్నా మొలిసిందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆయనకు అబద్ధం చెప్పి గెలిచినవాడు లేడు. "గడ్డి కూడా లేదు సార్. ఆ నీలగిరినీ ఒకసారి కొట్టేశారు."

"ఆఫీసు లెక్కలో?"

"లెక్కలో అప్పుడూ అడవే సార్, ఇప్పుడూ అడవే."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ చలికాలంలోనే పోయారు.

తర్వాత నన్ను చౌడేపల్లె వైపు వేశారు. అక్కడా ఒక గుట్ట ఉంది, దాని మోళ్లకూ పిలకలు లేస్తున్నాయి. ఆయన నేర్పిన కళ్లతోనే చూశాను: నాలుగైదేళ్లు అడ్డం నిలబడితే చాలు. పల్లెవాళ్లను కూర్చోబెట్టి, మేకల్ని తోలొద్దని అడిగాను. వెనక నుంచి ఒక పెద్దాయన అన్నాడు: "తోలంలేప్పా. పెరిగినాంక మాకే ఇడిస్తారని నువ్వు సెప్పగలవా?"

చెప్పగలననే మాట నోటి దాకా వచ్చింది.

"తెలీదు" అన్నాను.

పెద్దాయన నేను చెప్పిన నిజానికి తలూపాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆ ఊరి మేకలు నా ఎదుటే గుట్టెక్కాయి. నేను అడ్డం నిలబడలేదు.