అరకు ఘాట్‌లో లేని బ్రేకు తొక్కాను

ఈ బ్లాగు చదివేవాళ్లకి నా ధైర్యం సంగతి తెలుసు. బస్సయితే కిటికీ పక్క సీటు, రైలయితే కింది బెర్తు, అంతకు మించిన సాహసం నేను చెయ్యను. విజయనగరంలో జెరాక్సు షాపు నడుపుకునే మనిషికి అంతకు మించి అవసరం కూడా లేదు. అలాంటి నేను మోటారు సైకిలు వెనక కూర్చుని అరకు ఘాట్ ఎక్కానంటే దానికి కారణం మా అమ్మాయి హైమ. పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా దానికి అరకు దగ్గర ఉద్యోగం వచ్చింది. చేరి నెల దాటింది. అక్కడ ఊళ్లన్నీ కొండల మీద విసిరేసినట్టు దూరదూరంగా ఉంటాయి. ఆవుకి జ్వరమొస్తే ఆవు నడిచి ఆసుపత్రికి రాదు కదా, వీళ్లే వెళ్లాలి. షేరు ఆటోలతో పని జరగడం లేదని ఇక్కడే మా ఊళ్లో సెకండ్ హ్యాండులో ఒక గేరు బండి కొంది. శనివారం దాన్ని పైకి తీసుకెళ్లిపోతానంది. నేనూ వస్తానన్నాను.

నీకు తోడొస్తాను, నీ గది చూసినట్టూ ఉంటుంది అని చెప్పాను గానీ, నిజానికి నేను బయలుదేరింది ఆ దారికి వంకలు పెట్టడానికి. ఘాట్ రోడ్డు వెడల్పు చేస్తున్నారని, బళ్లు జారిపోతున్నాయని షాపుకొచ్చేవాళ్లు చెబుతూనే ఉన్నారు. కళ్లారా చూశాక, "ఇది రోజూ తిరగాల్సిన రోడ్డేనా? సెలవు పెట్టి ఇంటికొచ్చెయ్" అనేద్దామని గట్టిగా అనుకున్నాను. ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే అది హైమకి ఫోను చేసేస్తుంది.

ఉదయం ఆరింటికి బయలుదేరాం. చలికాలం కావడంతో పొలాల మీద మంచు ఇంకా విడలేదు. శృంగవరపుకోట చేరడానికి గంట పైనే పట్టింది. ఈ దారిలో వెళ్లేవాళ్లు టిఫినూ పెట్రోలూ రెండూ ఇక్కడే చూసుకోవడం మంచిది, ఘాట్ ఎక్కాక బంకు కోసం అరకు దాకా ఆగాల్సి రావచ్చు. బస్టాండు దగ్గర ఇడ్లీలు వేడిగా దొరికాయి, ఇద్దరికీ కలిపి వంద రూపాయల లోపే అయింది. హైమ నాలుగు తింది. నాకు ఒకటి దిగేసరికే కడుపు నిండిపోయినట్టయింది.

ఇక్కడ నా కుడికాలు గురించి చెప్పాలి. కళ్ల ఆపరేషను అయ్యేదాకా ఇరవై ఏళ్లు స్కూటరు నడిపినవాణ్ణి. స్కూటరుకి వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, నేను చెప్పకుండానే నా కుడికాలు కిందికి తొక్కుతుంది. బండి వెనక కూర్చున్నవాడికి బ్రేకు ఎక్కడిది? అయినా తొక్కుతూనే ఉన్నాను. బొడ్డవర దాటేలోపే మా అమ్మాయికి అనుమానం వచ్చింది.

"నాన్నా, ఏటి సేత్తన్నావు వెనక? బండి ఊగుతంది."

"ఏటీ లేదమ్మా. కాలు తిమ్మిరెక్కింది."

"తిమ్మిరెక్కితే దిగి నాలుగడుగులు నడు. నా భుజం మాత్రం అలగ నొక్కీకు, హ్యాండిల్ తిరగట్లేదు. బండిని పట్టుకో."

భుజం వదిలేశాను. కాలి సంగతి ఒప్పుకోలేదు.

ఘాట్ మొదలయ్యాక నేను చూసిన అందాలేమిటని అడగకండి. కాఫీ తోటలున్నాయట, మిరియాల తీగలున్నాయట, లోయలో రైలు సొరంగంలోంచి బయటికి వస్తే పాములా కనిపిస్తుందట. ఇవన్నీ తర్వాత హైమ చెప్పింది. నేను చూసినవి మూడే. దాని హెల్మెట్ వెనకభాగం, రోడ్డు అంచు, అంచు అవతల ఏమీ లేకపోవడం. అది మాత్రం నింపాదిగా తోలుతోంది, మలుపు మలుపుకీ హారను కొడుతోంది, తొందరపడే బళ్లకి దారి ఇచ్చేస్తోంది. తప్పు పడదామంటే ఒక్కటీ దొరకలేదు. అది నాకు కొంచెం చిరాగ్గానే ఉంది.

అనంతగిరి దాటాక అసలు కథ మొదలైంది. అక్కడి నుంచి రోడ్డు వెడల్పు పని జరుగుతోంది. కొండని ఒక పక్క తవ్వేసి, ఆ ఎర్రమట్టిని రోడ్డు మీద పరిచి చదును చేశారు. తారు ఎక్కడా లేదు. ముందు వెళ్లే టిప్పరు లేపిన దుమ్ముకి పట్టపగలు హెడ్‌లైటు వేసుకోవాల్సి వచ్చింది. నోట్లో మట్టి, కళ్లలో మట్టి. ఎదురుగా ఏమొస్తుందో తెలియదు, పక్కన ఎంత రోడ్డుందో తెలియదు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకుని, ఈ దుమ్ము ఒక్కటి పోతే చాలు స్వామీ అనుకున్నాను.

పక్కన రేకుల షెడ్డులో టీ కొట్టు కనిపిస్తే ఆగాం. కొట్టు నడిపే ఆవిడ దుమ్ము పడ్డ గ్లాసులు మళ్లీ కడుగుతోంది. టీ పది రూపాయలు, అల్లం బాగా దంచి వేసింది.

"మీ గుంటా? బండి బాగానే తోల్తంది" అంది హైమని చూసి.

"రోడ్డే బాగానేదు" అన్నాను.

"రోజూ ఇదే గోల బాబూ. నా పకోడీల మీద ఉప్పు కంటే మట్టి ఎక్కువ. అదుగో, ట్యాంకరు ఇప్పుడే నీళ్లు కొట్టుకుంటా పైకెల్లినాది. ఇంక దుమ్ము లెగదు. బేగి ఎల్లిపోండి, మళ్లీ ఆరిపోతే లెగుద్ది."

నా మొక్కు ఇంత తొందరగా ఫలించడం ఎప్పుడూ ఎరగను. ఆవిడ సంతోషంగా చెప్పింది, మేము సంతోషంగా విన్నాం. గబగబా టీ తాగేసి బండెక్కాం. ట్యాంకరు తడిపిన రోడ్డు నిజంగానే చల్లగా, శుభ్రంగా ఉంది. ముదురు ఎరుపులో నిగనిగలాడుతోంది. గాలి పీల్చుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదు, వాన పడి నెలలవుతోంది, అలాంటప్పుడు జారుడు గురించి ఎవరికి తడుతుంది?

ఒక మలుపు తిరిగేసరికి బండి వెనక చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టు పక్కకి పోయింది. హైమ వెంటనే సర్దుకుంది. "కదలకు నాన్నా, బాగా జారుతంది" అంది. వేగం తగ్గించి, గేరు మార్చి, మెల్లగా, నడిచే మనిషి వేగంతో పోనిస్తోంది. అది చేస్తున్నది సరిగ్గానే ఉందని నాకూ తెలుస్తోంది. నేను కదలకుండా కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు పైమలుపులోంచి ఒక టిప్పరు దిగింది.

నా కుడికాలు తొక్కింది.

కింద బ్రేకు లేదు కదా. కాలు ఫుట్‌రెస్ట్ మీంచి జారి బురదలోకి దిగిపోయింది. చెప్పు బురదలో ఇరుక్కుంది. కాలు వెనక్కి, బండి ముందుకి, మధ్యలో నేను కుడిపక్కకి ఒరిగిపోయాను. నా బరువుకి బండి కూడా ఒరిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. మెత్తగా, నిదానంగా రోడ్డు మధ్యలో పడిపోయాం. లెగ్ గార్డు ఉండబట్టి నా కాలు బండి కింద పడలేదు. హైమ మాత్రం మోచేతి మీద జారుకుంటూ ముందుకి వెళ్లిపోయింది, టిప్పరు వచ్చే వైపుకి.

తర్వాతి క్షణాలు ఇప్పటికీ నాకు నిద్రలో వస్తాయి. టిప్పరు డ్రైవరు బ్రేకు వేశాడు. చక్రాలు తిరగడం ఆగిపోయింది. అయినా లారీ వస్తూనే ఉంది. చక్రాలు తిరగకుండా అంత పెద్ద లారీ మెల్లగా మనమీదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. పిలుద్దామంటే, చెబితే నమ్మరు, నా కూతురి పేరు నాకు గుర్తు రాలేదు. అది చేతులు నేలకి ఆనించి లేవబోయింది, జారింది, మళ్లీ లేవబోయింది. లారీ ఆగింది. దాని బంపరుకీ మా అమ్మాయి హెల్మెట్‌కీ మధ్య ఒక మనిషి పడుకునేంత ఖాళీ మిగిలింది.

డ్రైవరు దూకి వచ్చాడు. నాకంటే చిన్నవాడే, మొహంలో రక్తం చుక్క లేదు. "ఏటమ్మా, దెబ్బలేటైనా తగిలినాయా? లెగగలవా?" అని హైమ రెక్క పట్టుకుని లేపాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బ్రేకు పట్టుకోనేదు బాబూ. తొక్కినాను, బండి నా మాట ఇన్నేదు. నాకూ ఇద్దరు గుంటలున్నారు" అని అక్కడే గొంతుక్కూర్చున్నాడు. వాడికి మేమే నీళ్లిచ్చాం. కాసేపటికి తేరుకుని, మా బండిని లేపి పక్కకి పెట్టి, లోడుతో మెల్లగా దిగిపోయాడు.

హైమ మోచెయ్యి చెక్కుకుపోయింది. బండి కుడివైపు అద్దం పగిలింది. అంతకు మించి ఏమీ కాలేదు. కానీ అది రోడ్డు పక్కనున్న డ్రమ్ము మీద కూర్చుని తన అరచేతుల వంక చూసుకుంటోంది.

"ముందు చక్రం బ్రేకు పట్టీసినట్టున్నాను నాన్నా. ఇలాంటి చోట పట్టకూడదని తెలుసు. తెలిసీ పట్టీశాను."

దాని మోచేతి మట్టిని నా రుమాలుతో తుడిచాను.

"నా వల్ల అవదేమో. రోజూ ఇలాంటి రోడ్లే కదా. కొన్నాళ్లు సెలవు పెట్టీమంటావా?"

ఏ మాట కోసం ఇంత దూరం వచ్చానో ఆ మాట దాని నోటి నుంచే వచ్చింది. 'పెట్టీమ్మా' అంటే చాలు. ఇంక క్షేమంగా చేరిందో లేదోనని ఫోను కోసం చూడక్కర్లేదు, ఏ లారీ వార్త విన్నా గుండె పట్టుకోనక్కర్లేదు. రోడ్డు మధ్య నా చెప్పు ఇంకా బురదలో దిగబడే ఉంది. దాని వెనక మూరెడు పొడవున నా కాలు గీసిన గీత. హైమ అటు చూడలేదు.

ఆశపడ్డాను, అబద్ధమెందుకు. కానీ అది తన అరచేతుల వంకే చూసుకుంటుంటే నాకు ఇంకో భయం పట్టుకుంది. సెలవు ఎన్నాళ్లు పెడుతుంది? ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట బండెక్కుతుంది కదా. పట్టని బ్రేకు పట్టానని నమ్మిన చెయ్యి, రేపు నిజంగా పట్టాల్సిన చోట వెనకాడితే? అప్పుడు ఎదురొచ్చే లారీ ఆగకపోతే? ఆ భయం ముందు నా పాత భయం చిన్నదైపోయింది.

"బ్రేకు పట్టింది నువ్వు కాదమ్మా, నేను" అన్నాను.

"వెనక నీకు బ్రేకేటి నాన్నా?"

చెప్పు చూపించాను. అది లేచి వెళ్లి చెప్పునీ గీతనీ చూసింది. నా కాలు చూసింది. మోకాలి దాకా ఎర్రమట్టి.

"పొద్దున్నుంచీ అడుగుతున్నాను కదా, ఏటి సేత్తన్నావు వెనక అని! తిమ్మిరన్నావు!" అని అరిచింది. పుట్టి బుద్ధెరిగాక నా మీద గొంతు లేపడం అదే మొదటిసారి. కళ్లంట నీళ్లు, కోపం అన్నీ కలిసిపోయాయి. కాసేపటికి ముక్కు తుడుచుకుని హెల్మెట్ పెట్టుకుంది. "ఇంక ఎక్కకు. ఈ తడి దాటేదాకా నడిచి రా."

చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. ముందు హైమ ఒక్కతే బండి మీద. లారీ చక్రాలు నలిపిన చోట అడుగున కంకర తేలి ఉంది, ఆ గాడిలోనే పోనిచ్చింది. బ్రేకు జోలికి పోలేదు, మొదటి గేరులోనే, పాదాలు నేలకి తగిలీ తగలకుండా. వెనక కూర్చుంటే కనీసం దాని హెల్మెట్ అయినా చేతికందే దూరంలో ఉండేది. ఇప్పుడు అది దూరమవుతుంటే చూస్తూ నడవడం తప్ప చేసేదేమీ లేదు. ఒకచోట వెనక చక్రం ఊగింది. నా కుడికాలు మళ్లీ తొక్కింది. ఈసారి జారిపడింది నేనొక్కణ్ణే. అది సర్దుకుని పొడి కంకర మీదికి ఎక్కేసింది. అద్దం పగిలింది కాబట్టి మెడ తిప్పి చూసి, బురదలో కూర్చున్న నన్ను చూసి, నవ్వింది.

మధ్యాహ్నానికి అరకు చేరాం. దాని గది శుభ్రంగా ఉంది, ఇంటివాళ్లు మంచివాళ్లు, మోచేతికి పసుపు వాళ్లే రాశారు. సెలవు మాట నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం దాటాక విశాఖ వైపు దిగే రైలెక్కి శృంగవరపుకోటలో దిగి, అక్కణ్ణించి బస్సులో ఇంటికొచ్చాను. రైలు కిటికీలోంచి లోయంతా చూశాను. హైమ చెప్పినట్టే అందంగా ఉంది.

ఈ దారిలో బండి మీద వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా నాలా వెనక కూర్చునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పని జరిగేచోట మట్టి రోడ్డు తడిగా కనిపిస్తే, ఎండాకాలమైనా సరే, వెనక కూర్చున్నవాళ్లు ముందుగానే దిగి ఆ తడి దాటేదాకా నడవండి. దిగడం నామోషీ కాదు. నేను దిగకపోవడం వల్ల ఏమి జరగబోయిందో తలుచుకుంటే ఇది టైపు చేస్తున్నప్పుడు కూడా ఒళ్లు చల్లబడుతోంది. భయం ఎక్కడికీ పోలేదు, పోతుందని కూడా అనుకోను. హైమ ఇప్పుడు వారం విడిచి వారం ఆ బండి మీదే ఇంటికొస్తోంది. బయలుదేరుతున్నానని ఒక ఫోను చేస్తుంది, ఘాట్ దిగానని ఇంకో ఫోను చేస్తుంది. ఆ రెండు ఫోన్ల మధ్య షాపులో జెరాక్సులు తీస్తూనే ఉంటాను, కౌంటరు కింద నా కుడికాలు నేలని తొక్కుతూనే ఉంటుంది. తొక్కనీ, అక్కడైతే ఎవరూ పడిపోరు.